అన్నా కుగ్లర్ గారు: చంటిబిడ్డల తల్లుల ముంగిట నిలిచిన వైద్యురాలు

శతాబ్ది సంచికకు ఒక వ్యాసము వ్రాయవలసినదిగా పెద్దలు కోరినప్పుడు, ఎడ్లపాడు సంఘపు స్త్రీల సమాజమువారమైన మేము చాలసేపు ఆలోచించుకొన్నాము. బిషపులను గూర్చి, పాదిరిగార్లను గూర్చి, దేవాలయముల నిర్మాణమును గూర్చి వ్రాయగలవారు మనలో ఎందరో ఉన్నారు. అయితే ఏ పాత సంఘములోనైనను బాప్తిస్మపు పుస్తకమును, భూస్థాపనల పుస్తకమును ప్రక్క ప్రక్కన తెరచి చూచినచో ఒక సంగతి కంటబడును. మొదటి పుస్తకములో వ్రాసిన పసిబిడ్డ పేరు కొన్ని నెలలకే రెండవ పుస్తకములో కనబడుచుండును. ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో మన దేశమున పుట్టిన ప్రతి వేయిమంది బిడ్డలలో రెండు వందలమందికి పైగా మొదటి యేడు నిండకముందే కన్నుమూసెడివారు. ఆ బిడ్డల కొరకును, వారి తల్లుల కొరకును మన ప్రాంతమునకు వచ్చి, ఇక్కడనే తుదిశ్వాస విడిచిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ గారి జీవితమును జ్ఞాపకము చేసికొనుట తగునని మాకు తోచినది.

కుగ్లర్ గారు లూథరన్ మిషనుకు చెందినవారు. ఆమె ఆస్పత్రి గుంటూరులో ఉన్నది. ఎడ్లపాడు నుండి గుంటూరు నేడు బస్సులో గంట ప్రయాణము. ఆమె ఏ మిషనువారని అడిగి ఆ రోజులలో ఏ తల్లియు బిడ్డను చూపింపలేదు. కనుక మనమును ఆ భేదము నెంచక ఆమె కథను చెప్పుకొందము.

బాల్యము, విద్య

అన్నా కుగ్లర్ గారు 1856 ఏప్రిల్ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రములో ఆర్డ్‌మోర్ అను ఊరిలో జన్మించిరి. స్త్రీలు వైద్యవిద్య నభ్యసించుట అమెరికాలో సైతము వింతగా తలచెడి కాలమది. ఫిలడెల్ఫియా నగరములో స్త్రీల కొరకే 1850లో ప్రారంభమైన పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో చేరి 1879లో ఆమె పట్టము పొందిరి. అటుపిమ్మట కొంతకాలము ఆస్పత్రిలో అనుభవము గడించి, రెండేండ్లు నారిస్‌టౌన్ లోని మానసిక వైద్యశాలలో పనిచేసిరి.

ఆ కళాశాలను గూర్చి ఒక మాట చెప్పవలెను. మన దేశము నుండి పోయి అక్కడ వైద్యము చదివిన ఆనందీబాయి జోషి గారు చేరినదియు ఆ కళాశాలలోనే. ఆనందీబాయిగారు పదునాలుగేండ్ల ప్రాయమున ఒక కుమారుని కనిరి. సరియైన వైద్యము లేక ఆ బిడ్డ పది దినములకే మరణించెను. ఆ దుఃఖమే ఆమెను సముద్రము దాటించినది. 1883లో ఆమె మన దేశము నుండి ఫిలడెల్ఫియాకు పోయిరి. అదే 1883లో కుగ్లర్ గారు ఆ నగరపు ప్రాంతము నుండి మన దేశమునకు బయలుదేరిరి. ఆనందీబాయిగారు 1886లో పట్టము పొంది స్వదేశమునకు తిరిగి వచ్చి, 1887లో ఇరువది రెండేండ్లు నిండకుండగనే మరణించిరి. వైద్యము చేయుటకు ఆమెకు ఆయువు చాలలేదు. ఆమె చేయగోరిన పని వంటిదే ఇటు గుంటూరులో కుగ్లర్ గారి చేతిమీదుగా నెరవేరుచుండెను.

పిలుపు, ఆటంకము

1882లో గుంటూరు మిషనులో పనిచేయుచున్న ఆడం రో గారి వద్దనుండి కుగ్లర్ గారికి ఒక ఉత్తరము వచ్చినది. ఇక్కడి స్త్రీలకు స్త్రీ వైద్యురాలు ఎంత అవసరమో దానిలో తెలియజేయబడినది. మన ఇండ్లలో స్త్రీలు మగ వైద్యునికి నాడి చూపుటకు గూడ జంకెడివారు. కాన్పు మాట చెప్పనే అక్కరలేదు. ఆ ఉత్తరము ఆమె మనస్సును కదలించినది.

అయితే ఆమెను పంపవలసిన స్త్రీల మిషనెరీ సంఘము వైద్యపరిచర్యను ఆరంభించుటకు అప్పటికి సిద్ధముగా లేదు. ఉపాధ్యాయురాలిగా, ఇండ్లకు పోయి స్త్రీలకు బోధించు పనికి అయినచో పంపుదుమనిరి. చదివిన చదువును ప్రక్కనబెట్టి పొమ్మనుట ఎవరికైనను కష్టమే. కుగ్లర్ గారు దానికిని ఒప్పుకొనిరి. 1883 ఆగస్టులో ఫానీ డ్రైడెన్ గారితో కూడ ఓడ ఎక్కి, నవంబరు 29న గుంటూరు చేరుకొనిరి. అప్పటికి గుంటూరుకు రైలు లేదు. గుంటూరు జిల్లాయు లేదు, అదియంతయు కృష్ణా జిల్లాలోని భాగమే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినది. ఆ జిల్లాలో నుండి మన పల్నాడు జిల్లా 2022లో వేరైనది.

రెండు అంకెలు

ఆమె వచ్చినది బడులు చూచుకొనుటకు. కాని వచ్చిన దొరసాని వైద్యురాలని తెలిసిన తరువాత రోగులు ఆగుదురా? మొదటి యేడాదిలో ఆమె తానుండు ఇంటివద్ద 185 మందికి, రోగుల ఇండ్లకు పోయి 276 మందికి చికిత్స చేసిరి. ఈ రెండు అంకెలను మేము మరల మరల చూచుకొన్నాము. ఆమె వద్దకు వచ్చినవారికంటె ఆమె వెళ్ళి చూచినవారే ఎక్కువ. గడప దాటరాని స్త్రీలు, పురిటి మంచము మీద నున్న బాలింతలు, పొత్తిళ్ళలోని బిడ్డలు వైద్యుని వద్దకు రాలేరు. వైద్యురాలే వారి వద్దకు పోవలెను.

పోయిన చోట ఆదరణ సులభముగా దొరకలేదు. అంటు, మైల అను పట్టింపులు బలముగా ఉండిన కాలము. పరదేశస్థురాలు తాకినచో స్నానము చేయవలెనని తలచిన ఇండ్లు ఉండెను. ఆమె అడుగుపెట్టిన చోటును శుద్ధి చేసికొనువారుండిరి. ఆ అవమానమును మనసున బెట్టుకొనక మరునాడు మరల ఆ గడపకే పోవుటకు వైద్యశాస్త్రము చాలదు. దానికి వేరొక బలము కావలెను.

పంపిన సంఘమువారు సైతము చివరకు గ్రహించిరి. 1885 డిసెంబరులో ఆమెను వైద్య మిషనెరీగా నియమించిరి. ఆ సంవత్సరమే మన దేశములో స్త్రీలకు స్త్రీ వైద్యులచే చికిత్స జరుగవలెనని వైస్రాయిగారి భార్య లేడీ డఫరిన్ పేరట ఒక నిధి ఏర్పడినది. దేశమంతట పెద్దలు ఆ అవసరమును గుర్తించుచున్న వేళ, గుంటూరులో ఆ పని అప్పటికే రెండేండ్లుగా నడుచుచుండెను.

నాటి పురిటి గది

ఆ కాలపు పురిటి గది ఎట్లుండెడిదో మేము మా అవ్వల నోట విన్నాము. ఇంటిలో వెలుతురు తక్కువగానుండు మూల గది, కుంపటి పొగ, మంత్రసాని. బొడ్డు కోయుటకు ఇంటిలోని కొడవలియో కత్తియో. కోసిన చోట బూడిద పెట్టెడివారు, కొందరు పేడ కూడ పెట్టెడివారు. వారము తిరుగకమునుపే బిడ్డ దవడలు బిగిసి పాలు పట్టలేక కొయ్యబారిపోయెడిది. గాలి సోకినదనిరి, దిష్టి తగిలినదనిరి. అది ధనుర్వాతము. ఆ వ్యాధి క్రిమిని శాస్త్రజ్ఞులు వేరుచేసి చూపినది 1889లో మాత్రమే. కుగ్లర్ గారు గుంటూరు వచ్చిననాటికి ప్రపంచములో ఎవరికిని దాని సంగతి పూర్తిగా తెలియదు. తరువాత టీకా వచ్చినది, శుభ్రమైన బ్లేడు వచ్చినది. తల్లులకు, నవజాత శిశువులకు వచ్చు ధనుర్వాతము మన దేశములో నిర్మూలమైనదని 2015లో ప్రకటించిరి.

ఇక పాల సంగతి. కాన్పు కాగానే వచ్చు చిక్కని పసుపుపచ్చని ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోసెడివారు. మూడవ నాటి వరకు బిడ్డ నాలుకపై తేనె, పంచదార నీళ్ళు, ఆముదపు చుక్క వేసెడివారు. నేటి వైద్యశాస్త్రము దీనికి పూర్తిగా విరుద్ధముగా చెప్పుచున్నది. బిడ్డ పుట్టిన గంటలోపుననే రొమ్ము పట్టించవలెను. ఆ ముర్రుపాలలో రోగములనుండి కాపాడు శక్తి మెండుగా ఉన్నది. అది బిడ్డకు మొదటి టీకా వంటిది. తేనె మొదటి యేడు నిండువరకు పెట్టరాదు. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప మంచినీళ్ళు సైతము అవసరము లేదు.

బాలింతకు పత్యము కూడ అట్టిదే. దాహమైనను నీళ్ళు ఇయ్యరు, కడుపునిండ అన్నము పెట్టరు. బిడ్డకు పాలిచ్చు తల్లికి అంతకుముందుకంటె ఎక్కువ తిండి కావలెనన్న సంగతి ఇంటివారికి తెలియదు. తెలిసినను కూలి ఇంటిలో ఎక్కడనుండి తేగలరు?

అయినను మన అవ్వల పద్ధతులన్నియు చెడ్డవని మేము చెప్పము. తొలికాన్పుకు పుట్టింటికి పంపుట, బాలింతకు విశ్రాంతినిచ్చుట, బిడ్డను తల్లి ప్రక్కనే పరుండబెట్టుట, అడిగినప్పుడెల్ల పాలిచ్చుట, రెండేండ్లవరకు పాలు మాన్పింపకుండుట, ఇవన్నియు నేటి వైద్యులు మెచ్చుకొనునవే. ఏది ఉంచదగినది, ఏది విడువదగినది అని తెలియవలెనన్నచో ఇంటిలోనికి పోయి, తల్లి ప్రక్కన కూర్చుండి, ఆమె చేయుచున్నది ఓపికగా చూడవలెను. ఆస్పత్రి గదిలో కూర్చున్న వైద్యునికి అది తెలియదు. కుగ్లర్ గారి తొలి యేండ్ల పని ఇండ్లలో జరుగుట మన తల్లులకు మేలైనదని మా నమ్మకము.

వైద్యశాల నిర్మాణము

ఇండ్లకు తిరిగినంత మాత్రమున అందరిని చూడజాలరు. కష్టమైన కాన్పులకు, ఆపరేషనులకు ఆస్పత్రి కావలెను. 1889లో ఆమె సెలవుపై స్వదేశమునకు పోయి, అక్కడి సంఘములకు ఇక్కడి స్త్రీల స్థితిని వివరించిరి. తిరిగి వచ్చిన పిమ్మట 1893లో గుంటూరులో మందుల శాల తెరువబడినది. 1898 నాటికి యాభై పడకల ఆస్పత్రి రోగులతో నడుచుచుండెను. 1895లో డాక్టర్ మేరీ బేర్ గారు వచ్చి ఆమెకు తోడైరి. కాలక్రమమున కాన్పుల విభాగము, పిల్లల విభాగము, ఆపరేషను గదులు ఒక్కొక్కటిగా చేరినవి.

ఆస్పత్రి ఉన్నను రాదగినవారందరు రాలేదు. కులపు పట్టింపుగల కుటుంబములవారు రోగిని తెచ్చినచో తాము ఎక్కడ వండుకొనవలెను, ఎక్కడ ఉండవలెను? ఈ చిక్కును తీర్చినది ఏలూరు రాజా భుజంగరావుగారు. ఆయన భార్యకు కుగ్లర్ గారి చికిత్సవలన ఆరోగ్యము చేకూరగా, ఆ కృతజ్ఞతతో రోగుల బంధువులు దిగి వంట చేసికొనుటకు ఆస్పత్రివద్ద ఒక సత్రమును కట్టించి ఇచ్చిరి. మొదట తాకినచో మైలయని తలచిన సమాజములోనుండియే ఒక రాజుగారు ఇట్టి కానుక తెచ్చుట చిన్న మార్పు కాదు. అదియు వాదనలవలన వచ్చినది కాదు. ఒక ఇల్లాలి ప్రాణము నిలిచినందువలన వచ్చినది.

1905లో ప్రభుత్వమువారు కుగ్లర్ గారికి కైజర్-ఇ-హింద్ పతకము నిచ్చిరి. 1917లో ఆ గౌరవమును రెండవసారి పొందిరి. 1928లో గుంటూరు మిషను ఆస్పత్రి చరిత్రను తానే ఒక గ్రంథముగా వ్రాసి ప్రకటించిరి. 1930 జూలై 26న గుంటూరులోనే కన్నుమూసిరి. దాదాపు నలభై యేడేండ్లు ఈ నేలమీద గడచినవి. ఆమె కట్టిన ఆస్పత్రిని ప్రజలు ఆమె పేరుతోనే కుగ్లర్ ఆస్పత్రియని పిలుచుట అలవాటైనది.

అన్నా అను పేరు మన బైబిలులోని హన్నాయే. హన్నా ఏడ్చి ప్రార్థించి సమూయేలును కన్నది. భర్త యేటేట బలి అర్పించుటకు పోవుచుండగా, పాలు మాన్పువరకు తాను రానని బిడ్డతో ఇంటివద్దనే నిలిచినది. దేవాలయమునకు పోవుటకంటె ఆ దినములలో బిడ్డకు పాలిచ్చుటయే తన పనియని ఆమె ఎరిగియుండెను. గుంటూరు అన్నాగారికి స్వంత బిడ్డలు లేరు. ఆమె చేతులలో మొదటి శ్వాస తీసికొన్న బిడ్డలు మాత్రము ఎందరో ఉండిరి.

ఆమె తరువాత

కుగ్లర్ గారి కాలములో వైద్యులు చూచి తెలిసికొన్నదానిని తరువాతివారు కొలిచి తెలిసికొనిరి. 1918లో కూనూరులో చిన్నగా ఆరంభమైన ఆహార పరిశోధన సంస్థ 1958లో హైదరాబాదుకు మారినది. అదే నేటి జాతీయ పోషకాహార సంస్థ. 1950 ప్రాంతములలో డాక్టర్ కొలత్తూరు గోపాలన్ గారు పేద తల్లుల పాలను పరిశోధించిరి. తాము చాలీచాలని తిండి తినుచున్నను ఆ తల్లులు బిడ్డలకు చెప్పుకోదగినంత పాలిచ్చుచున్నారని తేలినది. ఆ పాలకు కావలసిన సత్తువ ఎక్కడనుండి వచ్చుచున్నది? తల్లి తన శరీరములోనుండి తీసి ఇచ్చుచున్నది. బిడ్డను చూచినంత శ్రద్ధగా తల్లిని చూడవలెనని ఈ పరిశోధన మనకు నేర్పినది.

మా చిన్ననాట మేము కన్న సంగతి ఒకటి వ్రాయక తప్పదు. డబ్బాపాలు గొప్ప అని తలచిన రోజులవి. మా ఎరుకలోని ఒక ఇంటిలో తల్లికి పాలున్నను, బిడ్డ బొద్దుగా పెరుగునని డబ్బా తెచ్చిరి. రెండవ డబ్బాకు డబ్బు లేక మొదటిదానినే నీళ్ళు ఎక్కువపోసి కలిపిరి. సీసాను చెరువు నీటితో కడిగిరి. ఈలోగా రొమ్ము పట్టించక తల్లిపాలు ఇంకిపోయినవి. విరేచనములు పట్టుకొని ఆ బిడ్డ ఏడవ నెలలో పోయినది. ఆ తల్లి నిందించుకొనని దినము లేదు. నిజమునకు తప్పు ఆమెది కాదు. ఏది మంచిదో ఆమెకు చెప్పినవారు లేరు, సీసా గొప్పయని చెప్పినవారు పలువురు. పసిబిడ్డల పాలడబ్బాలకు, సీసాలకు ప్రచారము చేయరాదని మన దేశములో 1992లో చట్టము వచ్చినది. ఆ బిడ్డకు మాత్రము అది ఆలస్యమైనది.

మన ఊరి తల్లులు

కొండవీటి కొండలకు ఇవతల మన నల్లరేగడి చేలలో ప్రత్తి తీతకు, మిరపకాయల కోతకు పోవు తల్లులు నేటికిని ఉన్నారు. చెట్టుకు చీర ఉయ్యాల కట్టి, బిడ్డను దానిలో పరుండబెట్టి, సాలు చివరకు పోయి మరల వచ్చి పాలిచ్చుకొనుట మనమందరము చూచినదే. మేస్త్రి కేకవేసినచో పాలు తాగుచున్న బిడ్డను మధ్యలోనే దించవలసివచ్చును. ఈ తల్లికి తల్లిపాలు శ్రేష్ఠమని ప్రసంగము చేసినంత మాత్రమున చాలదు. ఆమెకు కావలసినది ఒక అరగంట వ్యవధి, నీడ, కడుపునిండ భోజనము. చేను గలవారు, మేస్త్రీలు మన సంఘములలోను ఉన్నారు గదా. ఆ అరగంట వారి చేతులలో ఉన్నది.

ఆరు నెలలు నిండిన బిడ్డకు తల్లిపాలతోబాటు మెత్తగా చిదిమిన అన్నము, పప్పు, కొంచెము నెయ్యి, ఉడికిన కూరలు, గ్రుడ్డు అలవాటు చేయవలెనని అంగన్‌వాడీలోను, ఆరోగ్య కేంద్రములోను చెప్పుచున్నారు. పలుచని గంజితోను, అంగడిలోని బిస్కట్టుతోను బిడ్డ కడుపు నింపినచో ఆకలి తీరునే గాని ఒడలు పట్టదు. ఈ సంగతులను అత్తలకు, అవ్వలకు కూడ చెప్పవలెను. ఇంటిలో బిడ్డ తిండిని నిర్ణయించునది చాలచోట్ల వారే. చెప్పునప్పుడు గద్దించి చెప్పినచో వినరు. ప్రక్కన కూర్చుండి, ముందు వారి మాట విని, ఆపైన చెప్పవలెను.

2020 లెక్కల ప్రకారము మన దేశములో పుట్టిన వేయిమందిలో యేడు నిండక మరణించు బిడ్డలు 28 మంది. రెండు వందలనుండి ఇంతకు తగ్గుట దేవుని కృపయు, ఎందరో వైద్యుల, నర్సుల, మంత్రసానుల, తల్లుల శ్రమయు. అయినను ఆ ఇరువది యెనిమిది ఇండ్లలో ఖాళీ ఉయ్యాల ఉన్నదని మరువరాదు.

శతాబ్ది ఉత్సవములలో మనము పెద్దలకు దండలు వేయుదుము, శిలాఫలకములు నిలుపుదుము. అది మంచిదే. కాని కుగ్లర్ గారి మొదటి యేడాది లెక్కను తలచుకొందము: తన వద్దకు వచ్చినవారు 185, తానే వెళ్ళి చూచినవారు 276. మన సంఘములో ఈ యేడు ఎన్ని ఇండ్లలో చంటిబిడ్డలున్నారో, ఆ ఇండ్లకు మనలో ఎందరము వెళ్ళితిమో లెక్కించుకొందము. రానున్న ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మా స్త్రీల సమాజము ఇద్దరిద్దరుగా ఆ ఇండ్లకు పోవుటకు నిశ్చయించుకొన్నది. తోడు రాగోరు అక్కచెల్లెండ్రు మాతో కలిసి రావలసినదిగా ప్రేమతో కోరుచున్నాము.